వణుకుడు జబ్బు ఉన్నవారికి మనం ఇవ్వవలసినది సమయం

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 11వ తేదీని ప్రపంచ పార్కిన్సన్ దినంగా పాటిస్తారు. 1755లో ఆ రోజున పుట్టిన జేమ్స్ పార్కిన్సన్ అనే లండను వైద్యుడు 1817లో ఈ జబ్బు గురించి వివరంగా ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. ఆ తరువాత ఆయన పేరే జబ్బుకు నిలిచిపోయింది. మన వైపు దీనిని వణుకుడు జబ్బు అంటాము. ఆయుర్వేదంలో కంపవాతం అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ప్రపంచంలో 85 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఇటువంటివారు ఉన్నారు. కాని "వయసు మీద పడింది, చేయి వణకదా?" అని ఇంట్లోవారే సరిపెట్టుకోవడం వలన చాలామంది ఆలస్యంగా డాక్టరు దగ్గరకు వస్తున్నారు.

ఎన్నో ఏళ్ళుగా నర్సింగ్ పనిలో ఉన్న మేము ఒక్క మాట గట్టిగా చెప్పదలచుకున్నాము. ఈ జబ్బు మనిషిని నిదానం చేస్తుంది. ఆ నిదానాన్ని ఓర్చుకోలేని మన తొందర అతనిని అంతకన్నా ఎక్కువగా కుంగదీస్తుంది. వీరికి మాత్ర ఎంత అవసరమో, మనం ఇచ్చే సమయం కూడా అంతే అవసరం.

ముందు జబ్బు ఏమిటో తెలుసుకుందాం. మెదడులో ఒక చిన్న భాగం డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేస్తుంది. మన కదలికలు సాఫీగా సాగడానికి అది కావాలి. దానిని తయారుచేసే కణాలు క్రమంగా నశించిపోతాయి. వణుకు పైకి కనిపించే నాటికే ఆ కణాలలో సగానికి పైగా పోయి ఉంటాయని చెబుతారు. సాధారణంగా ఒక వైపున మొదలవుతుంది. చేయి ఒళ్ళో ఊరికే పెట్టుకున్నప్పుడు వణుకుతుంది, పని చేసేటప్పుడు తగ్గుతుంది. గ్లాసు ఎత్తేటప్పుడు మాత్రమే వణికే చేతులకు కారణం వేరే ఉండవచ్చు. అందుకని వణుకు ఉన్న ప్రతివారికీ ఈ జబ్బే అనుకోరాదు. వణుకు లేకుండా కేవలం బిగుతు, నిదానంతో వచ్చే పార్కిన్సన్ కూడా ఉంది. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కేకలు వేస్తూ చేతులు విసరడం వంటివి కొందరిలో ఎన్నో సంవత్సరాల ముందే మొదలవుతాయి. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి శాపమూ కాదు.

ఈ జబ్బులో మనిషి అపార్థాలకు ఎక్కువగా గురవుతాడు. ముఖంలోని కండరాలు బిగుసుకోవడం వలన నవ్వు పైకి కనబడదు. చూసినవారు "కోపంగా ఉన్నాడు" అనుకుంటారు. గొంతు సన్నబడుతుంది, మాట వినబడదు. "సరిగ్గా చెప్పవేమి?" అని కసురుతారు. అక్షరాలు రానురాను చిన్నవైపోతాయి. అంగడిలో పద్దు వ్రాసేవారికి ఇదే మొదటి గుర్తు కావచ్చు. తూలుతూ నడిస్తే తాగాడని నిందిస్తారు. వీటన్నిటికీ తోడు దిగులు కూడా ఈ జబ్బులో ఒక భాగమే. మెదడులో జరిగే మార్పుల వలన కూడా అది వస్తుంది, దానికి వైద్యం ఉంది. మనిషి బద్ధకస్తుడు అయ్యాడని తీర్పు చెప్పే ముందు ఇవన్నీ ఆలోచించాలి.

ఇక మాత్రల సంగతి. పార్కిన్సన్‌కు నేటికీ ముఖ్యమైన మందు లెవోడోపా. దీనిని కార్బిడోపాతో కలిపిన మాత్రగా ఇస్తారు. జబ్బును పూర్తిగా నయం చేయదు గాని కదలికను తిరిగి ఇస్తుంది. జబ్బు ముదిరేకొద్దీ ఒక్కొక్క మాత్ర పనిచేసే సమయం తగ్గుతుంది. మాత్ర పట్టినంతసేపు మనిషి లేచి నడుస్తాడు, స్నానం చేస్తాడు, మాట్లాడతాడు. దాని పని అయిపోతే మంచం మీద పక్కకు తిరగడం కూడా కష్టమవుతుంది. "పొద్దున బాగానే నడిచాడే, ఇప్పుడు నటిస్తున్నాడు" అనే మాట ఎన్నో ఇళ్ళలో వినబడుతుంది. అది నటన కాదు. ఉదయం 8 గంటలకు వేసుకోవలసిన మాత్ర 9 గంటలకు వేసుకుంటే ఆ గంట అతని జీవితంలోనుండి పోయినట్లే. అందుచేత గడియారంలో అలారం పెట్టండి. ప్రయాణంలో మాత్రలను లగేజీలో కాక చేతిసంచిలో నీళ్ళ సీసాతో పాటు ఉంచండి. తిరుపతి స్విమ్స్‌కో వేలూరు సి.ఎం.సి.కో నరాల డాక్టరు దగ్గరకు వెళ్ళే దారిలోనే మాత్ర వేళ దాటిపోతే, అక్కడకు చేరేసరికి మనిషి బస్సు దిగలేడు.

ఈ మాత్రను భోజనానికి అర గంట నుండి గంట ముందు వేసుకుంటే మంచిది. మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న ఆహారంతో కలిపి తీసుకుంటే కొందరికి మందు సరిగా ఒంటబట్టదు. మన సంగటిలోకి వచ్చే పప్పు, మాంసం, చెనక్కాయల ఊరుబిండి అన్నీ మాంసకృత్తులే. వాటిని మానవద్దు, మానితే నీరసించిపోతారు. ఇబ్బంది ఉన్నవారు డాక్టరును అడిగి వాటిని ఎక్కువగా రాత్రి భోజనానికి మార్చుకోవచ్చు. ఐరన్ మాత్రలకూ దీనికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మాత్ర మొదలుపెట్టిన కొత్తలో వికారంగా ఉంటే డాక్టరును అడిగి ఒక బిస్కెట్టుతో వేసుకోవచ్చు. మింగడం కష్టమైనవారికి సంగటి ముద్దలు చిన్నవి చేసి, కూర్చోబెట్టి, ఒక ముద్ద పూర్తిగా దిగిన తరువాతనే మరొకటి ఇవ్వాలి. భోజనానికి ముప్పావు గంట పడితే పట్టనివ్వండి. తొందరలో పొలమారితే ఊపిరితిత్తులకు ముప్పు.

ఆసుపత్రుల గురించి కూడా మా అభిప్రాయం చెప్పాలి. తుంటి ఎముక విరిగిందనో, జ్వరమనో ఇటువంటి రోగి వార్డులో చేరతాడు. వార్డులో మందులు ఇచ్చే వేళలు అందరి సౌకర్యం కోసం ఏర్పాటు చేసినవి. పార్కిన్సన్ రోగికి అతని వేళకే మందు అందాలి. బ్రిటన్‌లో పార్కిన్సన్ రోగుల సంఘం 2006లో ఈ ఒక్క కోరికతోనే ఆసుపత్రులలో ప్రచారం ప్రారంభించింది. అక్కడి మార్గదర్శకాలు వేళకు అర గంట అటూ ఇటూ మించరాదని చెబుతున్నాయి. ఇక్కడ మాత్రం ఎందుకు సాధ్యం కాదు? మాత్రల పేర్లు, వేళలు ఒక చీటీ మీద వ్రాసి తెచ్చి నర్సు చేతికి ఇవ్వండి. అడగడానికి మొహమాటపడవద్దు. ఏ కారణం చేతనైనా మాత్రలు ఉన్నట్టుండి ఆపరాదు. ఆపితే ఒళ్ళు బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. డబ్బు లేక మాత్రలు అయిపోయే పరిస్థితి ఉంటే చివరి మాత్ర వేసుకున్న రోజున కాక, వారం ముందే చెప్పండి.

ఇంకొక జాగ్రత్త. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మతిస్థిమితం తప్పినప్పుడు ఇచ్చే హాలోపెరిడాల్ ఈ జబ్బును ఎక్కువ చేస్తాయి. తలతిరుగుడుకు నెలల తరబడి వాడే సిన్నరిజిన్ వంటి మాత్రల వలన, జబ్బు లేనివారికి కూడా ఇటువంటి వణుకు, బిగుతు రావచ్చు. కావున ఊరి డాక్టరు దగ్గరకు వెళ్ళినా, మందుల అంగడికి వెళ్ళినా "మాకు పార్కిన్సన్ ఉంది" అని మొదట చెప్పాలి.

దూలగొండి గింజల గురించి చాలామంది అడుగుతారు. అది వట్టి మూఢనమ్మకం కాదు. ఆ గింజలలో లెవోడోపా ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు నిరూపించారు. అయితే పొడిలో మందు ఎంత ఉందో ఎవరూ కొలిచి ఇవ్వరు. మాత్రతో పాటు అది కూడా తింటే మోతాదు మించిపోయి, ఒళ్ళు మెలికలు తిరగడం, లేనివి కనిపించడం జరగవచ్చు. డాక్టరుకు తెలియకుండా వాడకండి.

ఇంటిలో చేయవలసిన మార్పులకు పెద్ద ఖర్చు లేదు. ఈ జబ్బు ఉన్నవారికి గడప దగ్గర, ఇరుకు సందులలో, మలుపులలో కాళ్ళు నేలకు అంటుకుపోయినట్లు ఆగిపోతాయి. అప్పుడు చేయి పట్టి లాగితే పడిపోతారు. ఆగండి. "ఒకటి, రెండు" అని లెక్క చెప్పండి. గడపకు ముందు నేల మీద అడుగుకు ఒకటి చొప్పున సుద్దతో అడ్డగీతలు గీస్తే, వాటిని దాటుతూ కొందరు తేలికగా నడవగలుగుతారు. మన ఇళ్ళలో పరచిన నాపబండలు తడిసినప్పుడు జారుతాయి. స్నానాల గది దారిని పొడిగా ఉంచి, పట్టుకోవడానికి గోడకు ఒక కమ్మీ బిగించండి. పడుకున్నవారు లేచిన వెంటనే నిలబడరాదు, రక్తపోటు పడిపోతుంది. కడప ఎండలలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. డాక్టరు వద్దనకపోతే నీళ్ళు, మజ్జిగ బాగా త్రాగించండి.

"కూలికి పోయేవాళ్ళం, మాకు అంత తీరిక ఎక్కడిది?" అని అడిగే కోడళ్ళు, కొడుకులు ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. రోజంతా పక్కనే కూర్చోమని మేము అనడం లేదు. మాత్ర పట్టిన వేళను గమనించి, స్నానం, భోజనం, నడక ఆ వేళలో పెట్టుకోండి. అప్పుడు పని సగం అవుతుంది. అతను చేసుకోగల పనిని మీరు చేసిపెట్టవద్దు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టినా ఆ పది నిమిషాలూ అతనికి వ్యాయామం. ప్రొద్దుటూరులో బంగారు పని చేసే చేతికి సన్నని పని కుదరకపోవచ్చు గాని, అంగడిలో కూర్చుని మనుషులతో మాట్లాడవచ్చు. పులివెందుల చీనీ తోట రైతు చెట్టుకు పాదు చేయలేకపోవచ్చు గాని, చేతికర్రతో తోటలో ఒక చుట్టు తిరిగి రావచ్చు. రోజూ నడవడం మేలు చేస్తుంది. చూసుకునేవారికి కూడా విశ్రాంతి కావాలి. ఆ భారమంతా ఇంటి ఆడవారి మీదే వేయడం ధర్మం కాదు. కొడుకులు, అల్లుళ్ళు వంతులు వేసుకోవాలి.

ప్రభుత్వ సహాయం గురించి చాలామందికి తెలియదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో పార్కిన్సన్ పేరు ఉంది. సచివాలయంలో అడిగి సదరం పరీక్షకు సమయం తీసుకోవాలి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్లు సర్టిఫికెట్ వస్తే, మిగిలిన అర్హతలను బట్టి పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 జూలై నుండి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు అయింది. అయితే మాత్ర పట్టిన వేళలో వెళితే మనిషి బాగానే కనిపిస్తాడు. రోజులో ఎన్ని గంటలు కదలలేకుండా ఉంటాడో ఒక వారం పాటు కాగితం మీద వ్రాసి, ఆ కాగితాన్ని డాక్టరుకు చూపించండి. పరీక్ష చేసేవారు కూడా ఆ ఒక్క పది నిమిషాలనే చూసి నిర్ణయించరాదని మా విన్నపం.

చివరిగా సంఘ కుటుంబాలకు ఒక మాట. సంస్కారపు గిన్నె పట్టుకుంటే ఒలుకుతుందేమోనని సిగ్గుపడి గుడికి రావడం మానుకునేవారు ఉంటారు. పాటకు లేచి నిలబడలేకపోయినా తప్పు పట్టకండి. బెంచీ చివరన చోటు ఇవ్వండి. ఆరాధన అయిన తరువాత వారితో మాట్లాడండి. ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. పక్కనున్న భార్యో కొడుకో బదులు చెప్పబోతే, "ఆయననే చెప్పనీయండి" అనండి. మాట ఆలస్యంగా వస్తుంది గాని, తప్పక వస్తుంది.