వంపుపై టేపు, వారమునకొక గంట

గడచిన వార్షికోత్సవమునకు మా ఎనిమిదవ తరగతి బాలబాలికలు వేదికకై నాలుగు స్టీలు బిందెలకు ఎరుపు, పసుపు రంగుల వినైలు టేపు చుట్టిరి. సాయంకాలమునకు అవి చూడముచ్చటగా నుండెను. మరునాటి ఉదయమునకు కొసలు లేచినవి. పై వరుసలన్నియు ముడతలు పడినవి. చూచిన పెద్దలు కొందరు నవ్వి, “ఈ చేతిపని గంటను లెక్కలకిచ్చిన బాగుండును గదా, అయ్యవారూ!” అనిరి. మా అభిప్రాయము వేరు. ఆ ముడతలలో ఉన్నవి లెక్కలే యని మేము మనవి చేయుచున్నాము.

మరునాడు తరగతిలో ఆ బిందెలనే బల్లపై నుంచితిమి. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది ఆంధ్రప్రదేశములో. అచ్చటి అలవాటు చొప్పున “వక్రతలము” అని మొదలుపెట్టగా తరగతి యంతయు మౌనము వహించెను. అప్పుడొక బాలిక, “బిందె పొట్ట కాడ టేపు బాగుంది, మెడ కాడే ముడత పడింది” అనెను. పాఠమంతయు ఆ మాటలోనే కలదు.

గొట్టమునకు కాగితము చుట్టినచో ముడత పడదు. గొట్టము ఒక్క దిక్కుననే వంగియుండును. బిందె రెండు దిక్కుల వంగియుండును. బత్తాయి తొక్కను చింపక బల్లపై చదునుగా పరచలేము. అట్లే చదునైన టేపును సాగనీయక, ముడుగనీయక బిందెపై పరచలేము. ఈ సత్యమును 1827లో గౌస్ అను జర్మను గణితవేత్త లోకమునకు నిరూపించి చూపెను. మెర్కేటరు పటములో గ్రీన్లాండు ఆఫ్రికాయంత కనబడుటకును మూలకారణమిదియే. నిజమునకు ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. బిందె మిక్కిలి వెడల్పుగా నున్నచోట టేపు తిన్నగా కూర్చుండును. దానికి పైన, టేపు క్రింది అంచు పెద్ద చుట్టును, పై అంచు చిన్న చుట్టును తిరుగవలెను. రెండంచుల పొడవు మాత్రమొక్కటే. పై అంచున మిగిలినదే ముడత.

కారణము తెలిసిన పిమ్మట ఉపాయము కష్టము కాదు. టేపు సన్నమైనకొలది రెండంచుల భేదము తగ్గును. కావున వెడల్పు టేపునకు మారుగా మూడు మిల్లీమీటర్ల సన్నని టేపులను వరుసగా వేయవలెను. ముందుగా సబ్బునీటితో జిడ్డు కడిగి, బాగుగా ఆరనీయవలెను. వినైలు కొంచెము వెచ్చబడినచో మెత్తబడి వంపునకు లొంగును. బలముగా లాగరాదు. లాగిన వినైలు తన మునుపటి పొడవునకు రాజూచును. మా బిందెలపై కొసలు లేచినది అందువలననే. ఒక చేత చుట్టను వదులుగా పట్టుకొని, రెండవ చేతి బొటనవ్రేలితో కొంచెము కొంచెముగా అదుముకొనుచు పోవలెను. కొసలు ఒకదానిపై నొకటి కొంచెము ఎక్కవలెను. బుడగ మిగిలినచో సూదితో గ్రుచ్చి అదిమిన చాలును.

తల్లిదండ్రులారా! తెలుగున పద్యములు తప్ప పనికివచ్చు విద్య యేమి నేర్వగలరని మీలో కొందరు మమ్ము అడుగుచున్నారు. ఆ ప్రశ్నను మేము తేలికగా తీసికొనుట లేదు. మా తరగతులలో పిల్లలు ఏటేట తగ్గుచుండుటకు అదియు నొక కారణము. ఈ హోసూరు ప్రాంతమున మోటారు బండ్ల కర్మాగారములు 1980 ప్రాంతమునుండి పనిచేయుచున్నవి. పెట్రోలు ట్యాంకులపై మీరు చూచు రంగుల పట్టీలలో అనేకము ఇట్టి స్టిక్కర్లే. బజారునకు, కచేరీకి తమిళము కావలెను. పై చదువులకు ఇంగ్లీషు కావలెను. వానిని మానుమని మేమనుట లేదు. కాని “ఎందువలన?” అను ప్రశ్నకు ఇంటిమాటలో దొరకిన సమాధానము పిల్లవాని మనస్సున నిలుచును, తరువాత దానిని ఏ భాషలోనైనను చెప్పగలడు. సాగుట, ముడుగుట, అంచు, కొస, వంపు, పొట్ట: ఈ పనికి కావలసిన మాటలు మన ఇండ్లలోనే కలవు.

కావున మేము కోరునది స్వల్పము. వారమునకొక చేతిపని గంటను పరీక్షల దినములలో సైతము ఇతర పాఠములకు ఇయ్యకుందుము గాక. కర్మాగారములలో పనిచేయు తండ్రులు, తల్లులు, మేనమామలు సెలవు దొరకినపుడు వచ్చి తమ చేతి ఒడుపును పిల్లలకు చూపుదురు గాక. ఇందుకు కావలసినది ఒక టేపు చుట్ట, ఒక కత్తెర, ఒక గిన్నెడు సబ్బునీరు మాత్రమే.

వచ్చే వార్షికోత్సవమునకును ఆ నాలుగు బిందెలే వేదికపై నుండును. సాయంకాలము చూచి మెచ్చుకొనుట చాలదు. మరునాటి ఉదయము కూడ వచ్చి చూడుడని పెద్దలను ఇప్పుడే ఆహ్వానించుచున్నాము.