ముప్పై అయిదు దాటితే కొత్త పని నేర్వొద్దా?

కరోనాల బడులు మూతపడ్డంక ప్రైవేటు పంతుళ్ల బతుకులు రోడ్డున పడ్డయి. 2021ల రాష్ట్ర సర్కారు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. కొందరు కూరగాయలమ్మిండ్రు. కొందరు ట్యాలీ నేర్చుకొని లెక్కల పనిల చేరిండ్రు. 2017ల జీఎస్టీ వచ్చినప్పటిసంది రిటర్నులు వేసేటోళ్ల అవసరం పెరిగింది గదా!

గిసొంటోళ్లకు అప్రెంటిస్‌షిప్ మంచి తొవ్వ. పని చేసుకుంటనే నేర్వొచ్చు, స్టైపెండ్ గూడ వస్తది. 1961 చట్టంల పై వయసు హద్దు లేదు. కానీ జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకం కింద కేంద్రం భరించే వాటా, నెలకు 1,500 దాకా, 35 ఏండ్ల లోపోళ్లకే. అంటే పైసల కాడ గీత గీసిండ్రు.

ఇంకో తిరకాసు. చట్టం అప్రెంటిస్‌ను కార్మికుడు అనదు, ట్రైనీ అంటది. ఒప్పందంల రాస్తే తప్ప, శిక్షణ అయినంక కొలువు ఇయ్యాలన్న బాధ్యత యజమానికి లేదు.

ఇంటి కిరాయి, పిల్లల ఫీజులు నెత్తిమీదున్న నలభై ఏండ్ల మనిషి గీ లెక్కల ఎట్ల బతకాలె? ఆ వయసు గీత చెరపాలె. స్టైపెండ్ ఇల్లు గడిచేటంత ఉండాలె. కొలువు మాట ఒప్పందంల రాయాలె. మీరు సంతకం పెట్టే ముందు గా కాయితం జర మొత్తం చదవుండ్రి.