ఆత్మగౌరవము కూడికలెక్క కాదు



పిల్లల సామర్థ్యభావనను కొలుచుటనుగూర్చి గత సంచికలో వ్రాసిన వ్యాసకర్తగారు, చదువు, ఆటలు, స్నేహములు మొదలగువాని అంకెలను కూడినచో పిల్లవాని ఆత్మగౌరవము తేలునని సెలవిచ్చినారు, అది పొరపాటు. డెన్వర్ విశ్వవిద్యాలయాచార్యురాలు సూజన్ హార్టర్ 1985లో వెలువరించిన ప్రశ్నావళిలోని 36 అంశములలో చదువు, స్నేహము, ఆటలు, రూపము, నడవడి అను ఐదింటికి ఆరేసి పోగా, మొత్తముమీద తన్ను తానెట్లు ఎంచుకొనునో తెలియుటకు వేరుగా మరి ఆరు అంశములున్నవి. లెక్కలలో వెనుకబడినను, ఆ లెక్కలనే లెక్కసేయని పిల్లవాడు కుంగిపోడు గదా! మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే గ్రహించిన సంగతి యిది.

హార్టర్ ప్రశ్నావళియందలి నేర్పు మరియొకటి కలదు. "నీవు తెలివిగలవాడవా?" యని సూటిగా నడిగినచో పిల్లవాడు పంతులు ముఖము చూచి అవుననును, హార్టర్ అట్లుగాక, కొందరు పిల్లలిట్లుందురు, మరికొందరట్లుందురు, నీవెవరి వంటివాడవని ముందడిగి, అది పూర్తిగా నిజమా, కొంతవరకేనా యని పిమ్మట నడిగించి, ఒకటి మొదలు నాలుగువరకు అంకె వేయించినది. ప్రోగ్రెసుకార్డు చేతబడగానే తన మార్కులకన్న ముందు ప్రక్కవాని కార్డులోనికి తొంగిచూచు కుఱ్ఱలను ముప్పదియేండ్లు చూచిన నాకు, ఈ పోలిక వారికి సహజమనియే తోచుచున్నది.

ఈ సవరణను రాబోవు సంచికలో ప్రకటింప ప్రార్థన.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు