పటం మీద పువ్వు రాలితే

ఐసీయూ తలుపు తెరుచుకుంటుంది. డాక్టరు బయటికొచ్చి కళ్లజోడు తీస్తాడు. కళ్లజోడు తీశాడంటే ఇక చెప్పాల్సిందేమీ లేదని మన ఇళ్లలో మూడో తరగతి పిల్లకు కూడా తెలుసు. అత్తగారి ముఖం మూడు కోణాల్లో మూడుసార్లు, ఓ పిడుగు, భర్త గావుకేక, ప్రకటనలు. ప్రకటనలయ్యేసరికి ఆమె గోడమీద పటమైపోయి ఉంటుంది. గంధపు దండ, కింద చిన్న ఎర్రబల్బు. ఏ జబ్బు చేసి పోయిందో, ఎంత బాధపడిందో, ఆఖరికి ఎవరిని చూడాలనుకుందో అడిగే తీరిక కథకు ఉండదు. భర్త రెండో పెళ్లి ఎన్నో ఎపిసోడ్‌లోనో అప్పటికే తేలిపోయింది మరి.

మన సీరియళ్లలో ఆడవాళ్లు చాలామందే పోతారు. ఆ చావుతో పని మాత్రం ఎప్పుడూ ఇంకొకరికి. హీరోకి పగ కావాలి, సవతికి చోటు కావాలి, పసిబిడ్డకు మారుతల్లి రావాలి. అందుకోసం ఒకామె పోవాలి.

మగవాడు పోయినప్పుడు ఎలా ఉంటుందో కూడా చూడండి. అప్పుడూ కెమెరా అతని మీద ఉండదు, అతని భార్య గాజుల మీద ఉంటుంది. బొట్టు, పూలు, గాజులు, పదోరోజు తంతు... వారం పది రోజులు లాగుతారు. వాకిట్లో ఎదురుపడితే ముఖం తిప్పుకునే పేరంటాళ్లు దీనికి అదనం. అంటే అతని చావులో శిక్ష ఆమెది, ఆమె చావులో అవకాశం అతనిది. భార్య పోయిన మొగుడికి తుడవడానికి బొట్టు లేదు, పగలగొట్టడానికి గాజులు లేవు కాబట్టి పాపం గడ్డం పెంచుతాడు. కొత్త హీరోయిన్ వచ్చిన వారానికి అదీ పోతుంది.

ఆమెకు చావులోనూ ముస్తాబు తప్పదు. వెంటిలేటర్ పెట్టినా కాటుక చెదరదు, బొట్టు జరగదు. మొగుడి చేతుల్లో, పట్టుచీరలో ప్రాణం వదలాలి. మన ఇళ్లలో ‘పుణ్యస్త్రీగా పోయింది, అదృష్టవంతురాలు’ అంటుంటారు. నలభై ఏళ్లకే పిల్లల్ని వదిలేసి పోయిన మనిషి గురించి ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అయినా ఏడుస్తున్నవాళ్లు ఏదో ఒక ఊరట వెతుక్కుంటారులే అని సరిపెట్టుకోవచ్చు. సీరియల్ రచయితకు ఆ దుఃఖం లేదు కదా, ఆయనెందుకు దాన్ని ఆదర్శం చేస్తాడు?

పటమయ్యాక ఆమెకు మిగిలే ఉద్యోగం ఒక్కటే, అనుమతులివ్వడం. రెండో ఆవిడ పటం ముందు నిలబడి ‘అక్కా’ అంటుంది. దండలోంచి పువ్వొకటి రాలుతుంది. అందరూ చేతులు జోడిస్తారు. బతికున్నన్నాళ్లూ ఏ విషయంలోనూ ఆమెను అడగని ఇంటిల్లిపాదీ, పోయాక ఇంత శ్రద్ధగా అడుగుతారు. రాలకుండా ఆగిన పువ్వును నేనింతవరకు చూడలేదు.

హీరోయిన్‌కు మినహాయింపు ఉంటుంది కదా అనొచ్చు. ఉంటుంది, ఆమె లేకపోతే చూసేవాళ్లుండరు గనక. స్టార్ మాలో 2017లో మొదలైన ‘కార్తీక దీపం’ గుర్తుందా? ప్రేమి విశ్వనాథ్ వేసిన దీప పాత్రే దాని ప్రాణం. 2022లో దీపనీ ఆమె భర్త కార్తీక్‌నీ కారు ప్రమాదంలో చంపేసి, పిల్లల్ని ఒక్కసారిగా పెద్దవాళ్లను చేసి కథను వాళ్ల చేతికిచ్చారు. కొన్ని నెలలు తిరక్కుండానే దీప మళ్లీ బతికొచ్చింది. వంటలు చేసి పిల్లను పెంచుకున్న మనిషి, భర్త అనుమానాన్ని ఏళ్ల తరబడి మోసిన మనిషి. ఆమె చావు కథలో ఏం మార్చింది? పిల్లల వయసు మార్చింది, అంతే. 2023 జనవరిలో సీరియల్ ముగిసింది. 2024లో అదే దీప, అదే కార్తీక్‌తో ఇంకో కథ మొదలైంది.

హిందీలో అంతకు చాలా ముందే ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’లో హీరో మిహిర్‌ను చంపితే జనం అల్లాడిపోయారు, నిర్మాతలు అతన్ని వెనక్కి తీసుకొచ్చారు. మన ‘చిన్నారి పెళ్లికూతురు’ ఆనంది, అదే చిన్నప్పుడు అవికా గోర్ వేసిన ‘బాలికా వధు’ ఆనంది, 2016లో పోయింది. బాల్యవివాహం నుంచి పుట్టిన కథ, ఎనిమిదేళ్లు ఆమె భుజాల మీద నడిచిన కథ. కూతురు నందినిని పెద్దదాన్ని చేయడానికి తల్లి తప్పుకోవాల్సి వచ్చింది. ఆ జులై ఆఖరుకల్లా సీరియలే ముగిసిపోయింది. మిహిర్ కోసం రేగిన గగ్గోలు ఆనంది కోసం రేగినట్టు నాకైతే గుర్తులేదు.

రోజూ ఒక ఎపిసోడ్, గురువారం గురువారం రేటింగు. ఇంత ఒత్తిడిలో ఇంతకంటే ఏం రాస్తారు అనేవాళ్లున్నారు. అమెరికాలో ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ అనే సీరియలుంది, 1997 నుంచి 2003 దాకా వచ్చింది. రక్తపిశాచాలను వేటాడే పిల్ల కథ, పేరు వింటేనే నవ్వొస్తుంది. 2001 ఫిబ్రవరిలో ‘ది బాడీ’ అనే ఎపిసోడ్‌లో ఆ పిల్ల ఇంటికొచ్చేసరికి తల్లి జాయిస్ సోఫాలో చనిపోయి ఉంటుంది. ఏ పిశాచమూ చంపలేదు, మెదడులో రక్తనాళం చిట్లింది. ఎపిసోడంతా నేపథ్య సంగీతమనేదే లేదు. అంబులెన్సు వాళ్లు వచ్చేలోపు కూతురు తల్లి స్కర్టు కిందికి లాగి సరిచేస్తుంది. నేను మరిచిపోలేనిది అదే. ఆస్పత్రికి బయల్దేరాల్సిన స్నేహితురాలు విల్లో ఏ చొక్కా వేసుకోవాలో తేలక ఏడుస్తుంది. పిడుగులకూ గావుకేకలకూ చోటే లేదు అందులో.

అయితే వాళ్లను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. మరుసటి ఏడాదే అదే సీరియల్‌లో విల్లో ప్రేయసి టారాను, ఎవరికోసమో పేల్చిన తూటా చంపేసింది. ఆ పాత్ర వేసిన ఆంబర్ బెన్సన్ పేరు టైటిళ్లలో మొదటి వరసలో కనిపించింది సరిగ్గా ఆ ఎపిసోడ్‌లోనే. టారా నేల కూలగానే కథ విల్లో పగ వెంట పడింది, టారాను తలుచుకునే తీరిక ఎవరికీ దొరకలేదు. 2016లో ‘ది హండ్రెడ్’ అనే ఇంకో అమెరికా సీరియల్‌లో లెక్సా అనే పాత్ర కూడా ఇలాగే వేరొకరికి గురిపెట్టిన తూటాకు పోతే, ప్రేక్షకులు తిరగబడ్డారు, షో నడిపినాయన క్షమాపణ చెప్పాడు. లెక్సా వేసిన నటికి అప్పటికే మరో సీరియల్‌లో పని ఉంది. అక్కడ నటి వెళ్లిపోతుంటే పాత్రకు గండమే.

మనకా ఇబ్బంది లేదు. ‘నేటి నుంచి ఈ పాత్రలో’ అని తెర కింద ఒక ముక్క వేస్తారు. కొత్త ముఖం పాత మంగళసూత్రంతో వంటింట్లోకి నడిచొస్తుంది, రెండ్రోజుల్లో మనమూ అలవాటుపడిపోతాం. కాబట్టి ఇక్కడ ఒక ఆడపాత్ర పోయిందంటే, చాలాసార్లు ఎవరో కూర్చుని చంపుదామని తీర్మానించారనే అర్థం. తీర్మానించినవాళ్లు ఒక్క వారం ఆమెకు కేటాయించొచ్చు. ఆస్పత్రి బిల్లు ఎవరు కట్టారు, డ్వాక్రా అప్పులో ఆమె వాటా ఇంకెంత ఉంది, గ్యాసు ఏ నంబరు మీద బుక్ చేస్తారో మొగుడికి తెలుసా, బీరువా తాళం పుట్టింటివాళ్లు అడిగితే ఎవరేమన్నారు, అమ్మ చీరలు పంచడానికి వీల్లేదని కూతురు ఎవరితో పోట్లాడింది. ఐదారు ఎపిసోడ్లకు సరిపడా సరుకే, సెట్టు కూడా మార్చక్కర్లేదు.