దినచర్య పుస్తకమును చదువువారెవరు?

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పుస్తకమును తెరచి చూచినవారికి అందలి గడుల సంగతి తెలిసియే యుండును: రోజునకొక వరుస, ఆ వరుసలో తేది, నాడు చేసిన పని, ఆ పనివలన నేర్చుకొన్న విషయము, చివర బాధ్యులైనవారి సంతకము, వారమునకొక నివేదిక, అన్నిటికిని తుదిని కళాశాల ముద్ర. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యాసంవత్సరము నుండి డిగ్రీ విద్యార్థులు మూడేండ్ల చదువులో పది నెలల కాలము ఇంటర్న్‌షిప్ చేసి తీరవలెనని రాష్ట్ర ఉన్నత విద్యామండలి విధించి, మొదటి యేడు ముగిసిన వెనుక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టను సమాజసేవకును, రెండవ యేడు ముగిసిన వెనుక స్వల్పకాలపు ఇంటర్న్‌షిప్పునకును, ఆపైన ఒక సెమిస్టరునంతటిని పూర్తికాలపు పనికిని కేటాయించి, మొదటిదానికి 180 గంటల శ్రమకు 4 క్రెడిట్లని లెక్క కట్టినది. ఇది మంచి నిర్ణయమని అప్పుడును తలచితిని, ఇప్పుడును తలచుచున్నాను. అయితే మంచి నిర్ణయము మంచి చదువుగా మారుటకు నడుమ ఒక మనిషి కావలెను. ఆ పుస్తకమును మొదటి పుట నుండి కడపటి పుట వరకు చదివి, విద్యార్థిని ఎదుట కూర్చుండబెట్టుకొని ప్రశ్నించు గురువు కావలెను. ఆ గురువు లేనిచోట 180 గంటలును సంతకములై మిగులును.

ఈ మాట అన్ని శాస్త్రములకును కొంత వర్తించును గాని, సమాజశాస్త్రమునకు వర్తించినంతగా మరి దేనికిని వర్తింపదు. వాణిజ్యశాస్త్ర విద్యార్థి ఆడిటరు కార్యాలయమున రెండు నెలలు కూర్చుండినచో ఆ కార్యాలయమే అతనికి పద్దులు నేర్పును. రసాయనశాస్త్ర విద్యార్థికి మందుల కర్మాగారములోని ప్రయోగశాలయే కొంత పాఠము చెప్పును. సమాజశాస్త్ర విద్యార్థి పోయి పనిచేయు అంగన్‌వాడీ కేంద్రమునకు గాని, వృద్ధాశ్రమమునకు గాని, వార్డు సచివాలయమునకు గాని సమాజశాస్త్రము బోధించు బాధ్యత లేదు; వాటి పనులు వాటికి కలవు, అవి బరువైన పనులు. పింఛను దరఖాస్తు నెట్లు నింపవలెనో, ఆధార్ నెంబరు నెట్లు సరిచూడవలెనో సచివాలయములోని ఉద్యోగిని ఓపికగా చెప్పును. కాని ఆ దరఖాస్తు చేతబట్టుకొని వచ్చిన ముసలమ్మ, తానుండు ఇల్లు ఎవరిదని అడిగినప్పుడు కొడుకు పేరు చెప్పుటకు ఏల తటపటాయించినదో, అదే వరుసలో ముందు నిలిచిన మరియొక ముసలమ్మ ఎవరో మగవాడు రాగానే అడుగకయే ఏల వెనుకకు జరిగినదో ఆలోచించుట ఆ ఉద్యోగిని పని కాదు. అది చూచుట విద్యార్థి వంతు. చూచినదానిని విడువక వెంబడించునట్లు చేయుట గురువు వంతు.

నరసాపురము చుట్టుపట్ల గ్రామములలో సర్వే చేసిన యొక విద్యార్థిని పుస్తకమును, ఆమెయు ఆమె అధ్యాపకురాలును అంగీకరింపగా, నేను చూచితిని. సర్వే ఫారములో కుటుంబ సభ్యుల పేర్ల కెదురుగా వయస్సు, చదువు, వృత్తి అని మూడు నిలువు గడులు కలవు. ఒక ఇంటి అరుగుమీద కూర్చుండియున్న నడివయస్సు స్త్రీని, “మీరేం పని చేస్తారండీ?” అని ఈ బాలిక అడిగినది. “పనేముందమ్మా, ఇంట్లోనే ఉంటాను” అని ఆమె జవాబు. వృత్తి గడిలో గృహిణి యని వ్రాసికొని బాలిక తరువాతి యింటికి సాగిపోయినది. అయినను ఆ దినపు పుటలో అట్టడుగున, మనస్సున ఎట్లో నిలిచిపోయిన సంగతి కాబోలు, “మాట్లాడుతున్నంతసేపూ ఆమె లేసు అల్లుతూనే ఉన్నారు, చాలా బాగుంది” అని యొక పంక్తి చేర్చినది. అధ్యాపకురాలు ఆ పంక్తిక్రింద ఎఱ్ఱసిరాతో గీత గీసి, ప్రక్కన ఇట్లు వ్రాసినది: “మళ్లీ వెళ్లు. ఆమె పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఏయే పని ఎంతసేపు చేస్తారో దగ్గర కూర్చుని రాసుకునిరా.”

రెండవమారు వ్రాసిన పుటలను చదివినప్పుడు అవి యొకే చేతివ్రాత అని నమ్ముట కష్టమైనది. తెల్లదారపు ఉండను ఒడిలో పెట్టుకొని, కొక్కెపు సూదితో పువ్వు వెంబడి పువ్వు అల్లుచు, నడుమ పొయ్యి దగ్గరకు లేచిపోయి వచ్చుచు, కూతురు బడినుండి రాగానే దానిచేతికిని ఒక సూది యిచ్చి, దీపములు పెట్టిన వెనుకను కన్ను చిట్లించుకొని పని సాగించు ఆ యిల్లాలి దినము గంటగంటకు అందున్నది. దారము తెచ్చి యిచ్చునది ఏజెంటు. అల్లినవానిని ఎంచి తీసికొనిపోవునదియు అతడే. వాడిన దారమునుబట్టి కూలి. ఆ పువ్వులు ఏ దేశమున ఎవరి బల్లపై పఱవబడునో, ఏ ధరకు అమ్ముడుపోవునో ఆమెకు తెలియదు. “ఖాళీగా కూర్చోడం ఎందుకని అల్లుతానమ్మా” అని ఆమె అన్న మాటను విద్యార్థిని ఉన్నదున్నట్లు వ్రాసి, దానిక్రింద ఆమె ఆనాడు సూది పట్టిన గంటలను కూడివేసినది. “ఫారంలో ఇప్పుడేం రాయాలి మేడమ్?” అను ప్రశ్నతో ఆ పుట ముగిసినది. ఈ ప్రశ్న పుట్టిన నిమిషముననే ఆ బాలికకు 4 క్రెడిట్లును న్యాయముగా చెందినవని నేననుకొందును.

ఆ తరువాత గాని అధ్యాపకురాలు ఆమెచేతికి మరియా మీస్ గ్రంథమును ఇయ్యలేదు. జర్మనీకి చెందిన ఈ సమాజశాస్త్రవేత్త 1970ల చివర నరసాపురము ప్రాంతమునకు వచ్చి, లేసు అల్లు స్త్రీల జీవితమును పరిశోధించి, ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అను పేర 1982లో ప్రకటించినది. పందొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల మూలమున గోదావరి తీరమునకు వచ్చిన ఈ అల్లిక, విదేశీ విపణికి సరకగుచుండగా, దానిని అల్లువారు మాత్రము ఇంటిపట్టున నుండు ఇల్లాండ్రుగనే ఎన్నబడుచుండుటయు, ఆ యెన్నికయే వారి కూలిని కడు స్వల్పముగా నిలిపియుంచుటయు, వర్తకమును ఎగుమతియు మగవారి చేతులలో పెరుగుటయు ఆమె వివరించినది. ప్రపంచమందలి స్త్రీశ్రమను గూర్చి మాటలాడువారు నేటికిని ఈ గ్రంథమును విడిచి మాటలాడరు. ముందు పుస్తకమిచ్చి పిదప పంపినచో ఆ బాలిక పుస్తకములో ఉన్నదానిని ఊరిలో వెదకియుండెడిది. ముందు చూచి పిదప చదువుటచేత తాను చూచినది ఎంత దూరము పోగలదో తెలిసికొన్నది. వారములో ఒక గంట వెచ్చించి ఒక దినచర్య పుస్తకమును చదివిన యొక అధ్యాపకురాలు చేసిన పని ఇది.

సమాజశాస్త్రము పెరిగినదియే ఇట్లు. 1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము సమాజశాస్త్రవేత్త డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు ఒక తాత్కాలికమైన చిన్న పదవి యిచ్చి, బోధనకు అవకాశమీయక, ఫిలడెల్ఫియా నగరములోని ఏడవ వార్డు నల్లజాతివారి స్థితిగతులను పరిశీలింపుమని పంపినది. అతడు భార్యతో కూడ ఆ వార్డులోనే కాపురముండి, ఇంటింటి తలుపు తట్టి, వేలకొలది మనుష్యుల వివరములను తానే స్వయముగా సేకరించి, 1899లో ప్రకటించిన ‘ద ఫిలడెల్ఫియా నీగ్రో’ ఇప్పటికిని పట్టణ పరిశోధనకు మార్గదర్శకము. మన దేశమున 1919లో బొంబాయి విశ్వవిద్యాలయపు సమాజశాస్త్ర శాఖకు తొలి ఆచార్యుడైన పాట్రిక్ గెడ్డిస్ వీధులను కాలినడకన తిరిగి చూడనిదే నగరమును గూర్చి మాటలాడుట కొప్పుకొనెడివాడు కాడు.

మనకు మరింత దగ్గరి ఉదాహరణము శామీర్‌పేట. 1951-52 సంవత్సరములలో ఉస్మానియా విశ్వవిద్యాలయము నుండి ఎస్.సి. దూబే నాయకత్వమున ఒక బృందము హైదరాబాదుకు చేరువనున్న ఆ గ్రామమునకు పోయినది. అందులో సమాజశాస్త్రమువారే గాక వైద్యము, వ్యవసాయము, పశువైద్యము మొదలగు శాఖలవారును ఉండిరి. సేవయు పరిశోధనయు ఒక్కసారే సాగుటచేత, వచ్చినవారు ఎవరో, ఎందుకు వచ్చిరో ఊరివారికి తెలిసినది. ఊరివారి కులవ్యవస్థయు, కుటుంబములును, పండుగలును, పంచాయతి తగవులును వచ్చినవారికి తెలిసినవి. 1955లో వెలువడిన ‘ఇండియన్ విలేజ్’ ఆ పరిశ్రమ ఫలము. ఒక తెలుగు పల్లె అట్లు ప్రపంచ సమాజశాస్త్ర గ్రంథాలయములలోని కెక్కినది. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టునకు మార్గదర్శకము ఎక్కడనో వెదకనక్కరలేదని, డెబ్బది యేండ్లనాడే మన విశ్వవిద్యాలయమొకటి చేసి చూపినదని మన కళాశాలలలో ఎందరు విద్యార్థులకు చెప్పుచున్నాము?

చెప్పుటకు బదులు ఫొటోలు అడుగుచున్నాము. తేదియు స్థలమును పడునట్లు సెల్‌ఫోనులో తీసిన ఫొటో లేనిదే పని జరిగినట్లు లెక్కకాదని పెక్కుచోట్ల నియమమైనది. అందువలన విద్యార్థులు బ్యానరు కట్టి, దారిన పోవు పనివారిని ఆపి, బిడ్డ నెత్తుకొన్న తల్లిని ముందు నిలిపి, ఫొటో తీసికొని పోవుచున్నారు. ఆ తల్లిని ఎవరైనను అనుమతి అడిగిరా? ఆమె ముఖము ఏ నివేదికలో ఎవరి కంప్యూటరులో ఎన్నేండ్లుండునో ఆమెకు చెప్పిరా? ఇంటి సంగతులు చెప్పినవారి పేరును మార్చి వ్రాయుట, ఇష్టము లేదన్నవారిని వదలివేయుట, తేలిన సంగతులను మరల వచ్చి ఊరివారికి చదివి వినిపించుట సమాజశాస్త్ర విద్యార్థికి మొదటి వారముననే అలవడవలసిన మర్యాదలు. సాక్ష్యము కొఱకు ఆ మర్యాదను బలిపెట్టుమని కళాశాలయే నేర్పినచో తరువాత ఏ పాఠమును దానిని సరిదిద్దజాలదు.

గంటల లెక్క అక్కరలేదని నేననను. యు.జి.సి. 2022లో ప్రకటించిన డిగ్రీ పాఠ్యప్రణాళికా క్రెడిట్ల చట్రము ఇంటర్న్‌షిప్పున ఒక క్రెడిట్టునకు 30 గంటలు నిర్ణయించినది, మన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో 180 గంటలకు 4 క్రెడిట్లు కనుక ఒక్కొక్కటికి 45 గంటలు పడుచున్నవి. ఏ లెక్క యైనను సరే. విద్యార్థి గడిపిన గంటలకు ఇంత కచ్చితమైన కొలత యున్నప్పుడు, గురువు ఆ పుస్తకమును చదువుటకు గడుపవలసిన గంటలకు టైంటేబిలులో ఒక్క గడియైనను ఏల లేదు? పదుల సంఖ్యలో విద్యార్థులను ఒక అధ్యాపకునికి అప్పగించి, అతనికి పూర్తి తరగతులును యథాతథముగా ఉంచి, అధ్యాపక పదవులు ఖాళీగా పెట్టి, దినచర్య పుస్తకములను శ్రద్ధగా చదువుమనుట న్యాయము కాదు. ఆ పుస్తకములను చదువు సమయమును బోధనా సమయముగా లెక్కింపవలెను. ఇది ధనముతో కూడిన పని యని నాకు తెలియును. చేయక తప్పని పని యనియు తెలియును.

చివరగా నన్ను మిక్కిలి బాధించుచున్న సంగతి. వేసవి వచ్చినదన్న పేదింటి పిల్లలకు అది సంపాదన కాలము. పెండ్లిండ్లలో కేటరింగుకు పోవువారు, రంగులు వేయువారు, మామిడి తోటలలో కాయ కోయువారు, బట్టల దుకాణములో నిలుచువారు, సరకులు బైకుమీద ఇండ్లకు చేర్చువారు మన డిగ్రీ తరగతులలో తక్కువమంది కారు. రెండు నెలలు కూలి లేని ఇంటర్న్‌షిప్ చేయుమన్నచో వచ్చే యేటి ఫీజు, ఇంటిలో బియ్యము ఎక్కడినుండి వచ్చును? అట్టి పిల్లవాడు పగలంతయు పనికి పోయి, రాత్రి స్నేహితుని పుస్తకము చూచి గడులు నింపుకొనును, లేదా రుసుము తీసికొని పనిచేయకయే సర్టిఫికెట్టు నిచ్చువారిని వెదకుకొనును. వానిని నిందించుటకు నాకు నోరు రాదు. సమాజశాస్త్రమును అతని యెదుటనే పెట్టుకొని, దానిని వదలి మరియొక చోటికి పొమ్మన్నది మనము.

కేటరింగుకు పోవు కుఱ్ఱవానిని ఆ పనినే చేయనిచ్చి, ఒక నోటు పుస్తకము చేతికిచ్చి, వడ్డనకు ఎవరిని పిలుతురో, గిన్నెలు కడుగుటకు ఎవరిని ఉంచుదురో, కాంట్రాక్టరు ఏ ఊరి పిల్లలను ఏరుకొనునో, రాత్రి ఒంటిగంటకు కూలి ఎట్లు పంచునో, పనివారు ఎప్పుడు ఎక్కడ భోజనము చేయుదురో వ్రాసికొని రమ్మని వారమువారము చదువు గురువు ఒకడున్నచో, ఆ కుఱ్ఱవాడు చేసినది నిస్సందేహముగా సమాజశాస్త్రమున ఇంటర్న్‌షిప్పే. విద్యార్థి జీవనోపాధికై చేయు పనిని, అధ్యాపకుని పర్యవేక్షణకును దినచర్య పుస్తకమునకును లోబడి, క్రెడిట్లకు అంగీకరింపవచ్చునను ఒక్క వాక్యమును సమాజశాస్త్ర పాఠ్యప్రణాళికా సంఘములు తమ రాబోవు సమావేశమున, వేసవి సెలవులకు ముందే, నియమావళిలో చేర్పవలెనని కోరుచున్నాను.