ఫోటో వెనుక పేరు



పోయిన మే నెలలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘ సభ్యులొకరు మా ఇంటికి వచ్చి, ఇచ్చిన కాఫీ కూడా ముట్టకుండా కూర్చున్నారు. వారి కుమారుడు అమెరికాలో ఎం.ఎస్. చదువుచున్నాడు. "అయ్యగారూ, వాడి తోటివాళ్ళందరూ వేసవికి కంపెనీలలో చేరారు. వీడేమో యూనివర్సిటీ లైబ్రరీలో పాత ఫోటోలు తుడుస్తున్నాడట. ఇందుకోసమేనా నేను పొలం తాకట్టు పెట్టింది?" అన్నారు. మేమును వారితో కలిసి నిట్టూర్చి, ప్రార్థన చేసి పంపినాము. ఆ బిడ్డకు ఇంతకంటే మంచి పని దొరకవలెనని అడిగినామని ఇప్పుడు ఒప్పుకొనుట న్యాయము.

రెండు వారముల తరువాత ఆ అబ్బాయే ఫోను చేసినాడు. చదువు వీసా మీద వెళ్ళినవారు సాధారణముగా యూనివర్సిటీ ఆవరణలోనే పని చేయవలెను. తరగతులు జరుగునప్పుడు వారమునకు 20 గంటలు, సెలవులలో పూర్తి సమయము. అందుచేత కొందరు హాస్టలు వంటశాలలోను, కొందరు లైబ్రరీలోను చేరుదురు. ఇతనికి పాత దస్తావేజులు భద్రపరచు విభాగములో ఫోటోల పని దొరికినది.

తుడుచుట అందులో చాల తక్కువట! మొదటి పాఠము చేతులు కడుగుకొనుట. నెగటివులు పట్టునప్పుడు గ్లౌజులు వేసికొని అంచులు మాత్రమే తాకవలెను. బల్లమీద పెన్ను కనబడకూడదు, పెన్సిలు మాత్రమే. పెట్టె తెరువగానే ఫోటోలను మనకు తోచినట్లు సర్దకూడదు. దాచినవారు ఏ వరుసలో ఉంచిరో ఆ వరుస కూడా ఒక సాక్ష్యమే. వెనుక ఏమియు వ్రాయని ఫోటో ఏ ఊరిలో తీసినదో, దాని ముందున్న ఫోటోను బట్టి తెలియవచ్చును. తుప్పు పట్టిన గుండుసూదులు, ఎండి అంటుకొనిపోయిన రబ్బరు బ్యాండ్లు మెల్లగా తీయవలెను. ఆమ్లము లేని కాగితపు కవరులో ఫోటో పెట్టకమునుపే కవరు మీద నంబరు వ్రాయవలెను. పెట్టిన తరువాత వ్రాసినచో ఆ ఒత్తిడి ఫోటో మీద గీత పడును. గాజుపలకల నెగటివులను ఒకదానిమీద ఒకటి పేర్చక, అలమరలో పుస్తకములవలె నిలబెట్టవలెను.

పాత ఫిల్ములలో నైట్రేటుతో చేసినవి వేరుగా తీసి చల్లని చోట ఉంచుదురు. అవి అంటుకొన్నచో నీటిలో ముంచినను ఆరవు; మంటకు కావలసిన ప్రాణవాయువును అవే పుట్టించుకొనును. తరువాత వచ్చిన అసిటేటు ఫిల్ముతో ఆ భయము లేదుగాని, అది పాడగుచున్నప్పుడు పెట్టె మూత తీయగానే వెనిగరు వాసన కొట్టును. "ముక్కుతో కూడా చదవాలి అయ్యగారూ" అన్నాడు.

జూన్ నెలాఖరున అతని బల్లమీదికి వచ్చిన పెట్టెలో తెలుగువారి ముఖములున్నవి.

ఇందులో ఆశ్చర్యమేమియు లేదు. శామ్యూల్ డే దంపతులు అమెరికా నుండి తెలుగు సీమకు వచ్చినది 1836లో. హైయర్ గారు గుంటూరు చేరినది 1842లో. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో పని ప్రారంభించిరి. వీరును, వీరి వెనుక వచ్చినవారును పంపిన ఉత్తరములు, తరువాతి కాలములో తీయించిన ఫోటోలు సముద్రము దాటిపోయినవి. హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ కళాశాలలోను, యేల్ దైవశాస్త్ర గ్రంథాలయములోను ఇటువంటి మిషను కాగితములు నేటికిని భద్రముగా ఉన్నవి.

ఆ పెట్టెలోని ఒక ఫోటోలో దొరగారు, దొరసానిగారు, ఇద్దరు పిల్లలు, కుక్క. అందరి పేర్లును వెనుక వ్రాసియున్నవి, కుక్క పేరుతో సహా. ప్రక్కన నిలువబడిన పదకొండుమంది మన స్త్రీలకు కలిపి ఒక్కటే మాట: "బైబిలు స్త్రీలు, 1938".

ఇది విని మాకు కోపము వచ్చినమాట నిజమే. అయితే రోమా పత్రిక 16వ అధ్యాయము జ్ఞాపకము వచ్చి కొంచెము తగ్గినాము. పౌలు అక్కడ ఫీబే మొదలుకొని ఎందరినో పేరుపేరున తలంచెను. పత్రిక వ్రాసిపెట్టిన తెర్తియు కూడ తన పేరు చేర్చుకొనెను. అయినను రూఫు తల్లి రూఫు తల్లిగానే, నేరియ సహోదరి నేరియ సహోదరిగానే ఉండిపోయిరి.

ఆ అబ్బాయి అక్కడి అధికారి అనుమతి తీసికొని ఆ ఫోటో ప్రతిని మాకు పంపినాడు. మా సంఘములో 91 సంవత్సరముల మామ్మగారు ఒకరున్నారు. ఫోనులో చూపిస్తే ఆమెకు ఆనలేదు. స్టూడియోలో పెద్దదిగా తీయించి పట్టుకొనిపోయినాము. చాలసేపు చూచి, ఎడమనుండి మూడవ ఆమె మీద వేలుపెట్టి, "ఈమె మా మేనత్త. ఆ నిలబడటం చూడండి, కుడికాలు మీదే బరువంతా. రెండోది కుంటి. ఆ కాలుతోనే ఊళ్ళన్నీ తిరిగింది" అన్నది. మరొక ఆమె పేరు కూడ చెప్పినది. ఇంకొకరికి ఇంటిపేరు మాత్రమే అందినది. తక్కిన ఎనమండుగురిని చూచి తల అడ్డముగా ఊపినది. (పేర్లు చేర్చుటకు ఆ కుటుంబములవారిని అడుగుచున్నాము గనుక ఇక్కడ ప్రకటించుటలేదు.)

వెంటనే ఫోటో వెనుక వ్రాసివేయుమని ఆ అబ్బాయికి చెప్పితిమి. "అలా రాయకూడదు అయ్యగారూ. పాత రాత చెరపకూడదు, దాని మీద కొత్తది కలపకూడదు. జాబితాలో వేరుగా చేరుస్తారు: ఎవరు చెప్పారు, వారికి ఏమవుతారు, ఏ తేదీన చెప్పారు. అనుమానముంటే 'బహుశా' అని రాస్తారు" అన్నాడు. ఆ 'బహుశా' మాకు నచ్చినది. ప్రసంగపీఠము మీద మేము దానిని వాడినది బహు తక్కువ.

ఇంటికి వచ్చుటకు లేచినప్పుడు మామ్మగారు, "మన గుడి ట్రంకుపెట్టెలో కూడా అత్త ఫోటో ఒకటి ఉండేది అయ్యగారూ" అన్నది. నిష్ఠూరముగా అనలేదు. ఆ ట్రంకుపెట్టె సంగతి మాకు తెలియును. ఎనిమిదేళ్ళ క్రిందట గుడికి సున్నము వేయించునప్పుడు, చెదలు పట్టినదని దానిని పారవేయించినది మేమే. పైన ఉన్న ముప్పది ఫోటోలు మాత్రము తీసి, బజారులో జిగురు పేజీల ఆల్బము కొని అంటించి, ఊడిన వాటికి సెల్లోటేపు వేసి, వెనుక బాల్‌పెన్నుతో నొక్కి వ్రాసితిమి. ఆ అక్షరములిప్పుడు ముఖముల మీద ఉబ్బి కనబడుచున్నవి.

ఆ ఆల్బము నుండి ఫోటోలు పీకవద్దనియు, పేజీలను ఉన్నవి ఉన్నట్లే ఫోటో తీయించుమనియు, అటుక మీద పెట్టక లోపలిగదిలో నేలకు ఎత్తుగా ఉంచుమనియు ఆ అబ్బాయి చెప్పినాడు. మెత్తని ప్లాస్టిక్కు కవరులు కూడ వద్దట. యౌవనస్థులు నలుగురు ఇప్పుడు శనివారము సాయంత్రములలో మామ్మగారి దగ్గర కూర్చుని, ఒక్కొక్క ముఖమునకు నంబరు వేసి, ఆమె చెప్పినది నోటుపుస్తకములో వ్రాయుచున్నారు. అరగంటకే అలసిపోవును. కొన్నిసార్లు ఒకే ముఖమునకు రెండు వారములలో రెండు పేర్లు చెప్పును. రెండును వ్రాయుడని చెప్పినాము.

ఆగస్టుతో ఆ అబ్బాయి పని ముగిసినది. తెరువని పెట్టెలు ఇంకను రెండున్నవట. వాళ్ళ నాన్నగారు పోయిన ఆదివారము మా ఇంట కాఫీ త్రాగి, సంచిలోనుండి పటము కట్టిన తన తల్లిగారి పెండ్లి ఫోటో తీసి, దీని అద్దము తీయవచ్చునా కూడదా, అబ్బాయిని అడుగుడని ఇచ్చి వెళ్ళినారు.