భయభక్తులు ఎవరికి?

ప్రతి ఏటా మే నెల రెండో ఆదివారం మా చర్చిలో తల్లులందర్నీ ముందు వరసల్లో కూర్చోబెడతారు. సండే స్కూలు పిల్లలు తలా ఒక గులాబీ ఇస్తారు. తర్వాత అయ్యగారు సామెతల గ్రంథం 31వ అధ్యాయం తీసి పదో వచనం నుంచి మొదలుపెడతారు. అందులో గుణవతి అయిన భార్య తెల్లారకముందే లేస్తుంది, నూలు వడుకుతుంది, పొలం కొంటుంది, ఇంటిల్లిపాదికీ తిండి పెడుతుంది. చివర్లో ఆమె దైవభక్తికి మెప్పు దొరుకుతుంది. అక్కడ ఆగి అయ్యగారు మా వైపు చూస్తారు. భయభక్తులంటే ఏమిటో ఆ తర్వాత అరగంటసేపు వివరిస్తారు. భర్తకు లోబడటం. సంఘపెద్దలకు ఎదురు చెప్పకపోవడం. పిల్లలు దారి తప్పితే తల్లి ప్రార్థన చాలలేదని ఒప్పుకోవడం.

ఈ ప్రసంగాన్ని నేను ముప్పై ఏళ్లుగా వింటున్నాను. తల వంచుకుని విన్న ఏళ్లే ఎక్కువ. ఒక ఏడాది విసుగుపుట్టి ఆ అధ్యాయాన్ని మొదటి వచనం నుంచి చదివాను. అక్కడ ఒక తల్లి ఉంది. రాజైన తన కొడుకు లెమూయేలును కూర్చోబెట్టి బుద్ధి చెబుతోంది. ఆడవాళ్ల వెంటపడి బలం పోగొట్టుకోవద్దంటుంది. తాగితే న్యాయం మరిచిపోతావంటుంది. తమ తరఫున మాట్లాడుకోలేని వాళ్ల కోసం మాట్లాడమని, బీదవాళ్లకు న్యాయం తీర్చమని చెబుతుంది. ఈ తొమ్మిది వచనాల్లో మాట్లాడేది తల్లి, వినేది రాజు. తల్లుల పండగ రోజున ఆ తల్లి మాటల్ని దాటేసి భార్య పనుల జాబితా దగ్గర మొదలుపెట్టడాన్ని పొరపాటని నేననుకోను.

నేను విశ్వాసిని. ఇది ముందే చెప్పడం అవసరం. ఎందుకంటే నా తగువు చర్చితో ఒక్కదానితోనే కాదు, ఈ పత్రిక చదివే మనవాళ్లతో కూడా ఉంది. కొన్నేళ్ల కిందట ఒక సదస్సులో దళిత క్రైస్తవ స్త్రీల విశ్వాసం గురించి పత్రం చదివాను. మతాన్ని వదలనిదే విముక్తి ఎక్కడిదని ఒక మిత్రురాలు అడిగింది. ఆమెకు కోపం లేదు, జాలి ఉంది. ఆ జాలే నాకు గుచ్చుకుంది. మా అమ్మ మోకాళ్లు కాయలు కాసింది పితృస్వామ్యం ముందు వంగి అని ఆమె అనుకుంది. మా అమ్మ ఎవరి ముందు వంగలేదో ఆమెకు తెలీదు.

మా నాన్న తాగేవాడు, కొట్టేవాడు. 1984లో మా అమ్మ నన్నూ తమ్ముణ్నీ తీసుకుని పుట్టింటికి బయలుదేరింది. అయ్యగారు ఇంటికొచ్చి, సహించమని, భర్త మారేదాకా ప్రార్థన చేయమని దేవుడే చెబుతున్నాడన్నాడు. అమ్మ పెట్టెకు తాడు కడుతూ, "మీకు చెప్పాడేమో అయ్యగారూ, నాకు చెప్పలా" అంది. అంతే. తర్వాత బస్సులో దారి పొడుగునా పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఆమె ప్రార్థన చేస్తోంది.

అప్పటి చట్టం కూడా అయ్యగారి పక్కనే నిలబడింది. 1869 నాటి భారత విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు. భార్యకు మాత్రం దెబ్బలు చాలవు, వాటితోపాటు భర్త వ్యభిచారాన్ని కూడా రుజువు చేయాలి. ఈ తేడాను 2001లో తీసేశారు. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోని 19వ సెక్షన్‌లో తండ్రి పక్కన తల్లి అనే మాట చేరింది 2010లో. పిల్లల ఆత్మలకు పూచీ తల్లిదేనని ప్రతి ఆదివారం చెప్పే పెద్దలు, ఆ పిల్లల మీద తల్లికి చట్టంలో ఏం హక్కుందో ఒక్క ఆదివారమైనా చెప్పారా?

పుట్టింటి ఊళ్లో మమ్మల్ని బడిలో చేర్చేటప్పుడు దరఖాస్తులో మతం గడి వచ్చింది. అమ్మ 'హిందూ' అని రాయించింది, కులం గడిలో 'మాదిగ' అని. క్రైస్తవులమని రాస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు నేటికీ బయటే. బాప్తిస్మం తీసుకున్న మాదిగలకు, మాలలకు మన రాష్ట్రాల్లో మిగిలేది బీసీ-సి కింద ఒక్క శాతం. ఊళ్లో మా వాడ మాత్రం ఎక్కడికీ జరగలేదు. మాకు గ్లాసు వేరే పెట్టినవాళ్లు మా మతమేమిటని అడిగి పెట్టలేదు.

ఆ రాత్రి అమ్మ చాప మీద మోకరించి చాలాసేపు ఏడ్చింది. సంఘంలో కొందరు ఆమెను పేతురుతో పోల్చారు, ప్రభువును ఎరగనన్నాడే, ఆ పేతురుతో. ఆ మాట ఆమెను జీవితాంతం బాధించింది. ఆమె బతికుండగా నేను నిర్గమకాండం మొదటి అధ్యాయాన్ని సరిగ్గా చదవలేదు. అదే నా బాధ.

అందులో షిఫ్రా, పూయా అని ఇద్దరు మంత్రసానులు. హెబ్రీ మగబిడ్డల్ని కాన్పులోనే చంపమని ఫరో వాళ్లకు ఆజ్ఞ ఇచ్చాడు. వాళ్లు చంపలేదు. కారణం కూడా అక్కడే ఉంది, వాళ్లు దేవునికి భయపడ్డారు. రాజు పిలిపించి నిలదీస్తే, హెబ్రీ స్త్రీలు మేం వెళ్లేలోపే కనేస్తున్నారని అబద్ధం చెప్పారు. దేవుడు వాళ్లను శిక్షించలేదు, మేలు చేశాడు. దైవభయం అనే మాట కాన్పు గదిలోకి వచ్చిన ఆ చోట దాని అర్థం రాజాజ్ఞను ధిక్కరించడం, బిడ్డల కోసం రాజు ముఖం మీదే బొంకడం. ఈ కథ మీద తల్లుల పండగనాడు ప్రసంగం నేనింతవరకూ వినలేదు.

1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతిని మా ప్రసంగీకులు గర్వంగా చెబుతారు. ఆ మాదిగలు ఆదివారం వెట్టికి రామన్నారు, చచ్చిన గొడ్డు మాంసం ముట్టమన్నారు. కరణాలు, పెత్తందార్లు కక్షగట్టారు. అంటే మా వాళ్లకు దేవుని భయం మొదలైన రోజున దొర భయం తగ్గింది. ఆ భయభక్తుల్ని నూటయాభై ఏళ్లలో మొగుడి భయంగా, పాస్టరు భయంగా, సంఘం ఏమనుకుంటుందోనన్న భయంగా మార్చింది ఎవరు?

నేనూ అందులో భాగం పంచుకున్నాను. ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక ఒక చిన్నపిల్ల, చంకలో ఏడాది బిడ్డ, జాకెట్టు చెయ్యి పైకి లాగి కమిలిన చోటు చూపించింది. నేను కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని, సదస్సుల్లో పత్రాలు చదివేదాన్ని. ఆమె తలమీద చెయ్యిపెట్టి, "ప్రార్థన చేద్దాం తల్లీ" అన్నాను. ప్రార్థన అయ్యాక ఎక్కడికి వెళ్తావని అడగలేదు. ఆమె మళ్లీ కూడికకు రాలేదు. మా అమ్మ పెట్టెకు కట్టిన తాడు నాకు అప్పుడు గుర్తు రాలేదు.

ఇప్పుడు నా కూతురికి ఇరవై దాటాయి. చర్చికి రాదు. తల్లి ప్రార్థన చాలలేదని స్త్రీల సమాజంలో అనుకుంటున్నారు, నాకు వినపడేలాగానే. ఆ నేరం నేను ఒప్పుకోను. రాజుకు బుద్ధి చెప్పిన తల్లిని దాచిపెట్టి, లోబడే భార్యనే చూపించిన చోటికి అది ఎందుకు రావాలి? అది రాకపోవడానికి జవాబు చెప్పాల్సింది ముందు వరసలో గులాబీ పట్టుకున్న నేను కాదు, వేదిక మీద ఉన్నవాళ్లు.

నా ప్రార్థన నేను మానను. మిత్రురాళ్లారా, దాన్ని చూసి జాలిపడకండి. మా తల్లుల మోకాళ్ల గురించి రాసేటప్పుడు, లేచాక వాళ్లు ఏం చేశారో కూడా అడిగి రాయండి.

చర్చికి నేను చెప్పేది ఒక్కటే. భయభక్తులు దేవుడివి. వాటిలో భర్తకు వాటా లేదు, పాస్టరుకు లేదు, సంఘపెద్దకు లేదు. దేవుడికి చెందినదాన్ని మనిషి తీసుకోవడాన్ని మన గ్రంథంలో విగ్రహారాధన అంటారు. వచ్చే మేలో గులాబీలు వద్దు. వేదిక మీద ఒక తల్లిని నిలబెట్టండి. ఆమె 31వ అధ్యాయాన్ని మొదటి వచనం నుంచి చదువుతుంది. దెబ్బలు తిన్న పిల్ల ఆ రోజు చర్చికి వస్తే, ప్రార్థన చేసి ఆ ఇంటికే తిరిగి పంపకండి. ఆ రాత్రి ఆమెకు పడుకునే చోటు చూడండి. ఎవరూ చూడకపోతే మా ఇంట్లో గది ఉంది.